బండిని ఆపే విద్య: అనంత మెట్టసీమలో బ్రేకు కథ

చక్రాన్ని కనిపెట్టిన మానవుణ్ణి చరిత్ర గౌరవంతో స్మరిస్తుంది. తిరుగుతున్న చక్రాన్ని ఆపడం నేర్చిన మానవుణ్ణి మాత్రం ఎవరూ తలచుకోరు. బండి అనగానే ఎవరికైనా వేగం గుర్తుకు వస్తుంది. ఇంజను బలం గుర్తుకు వస్తుంది. ఆలోచించి చూస్తే సంగతి వేరుగా ఉన్నది. ఆపడానికి వీలులేని బండిని బుద్ధిమంతుడెవడూ వేగంగా నడపడు. అందుచేత రోడ్డు మీద వేగం ఇంజను పెట్టిన భిక్ష కాదు, బ్రేకు ఇచ్చిన అనుమతి. ఇంజను బలం పెరిగినప్పుడెల్లా, బ్రేకు దాని వెనుకనే పరుగెత్తి అందుకోవలసి వచ్చింది. ఆ పరుగు కథే ఈ వ్యాస విషయం.

ఈ కథను చెప్పుకోవడానికి అనంతపురం మెట్టసీమ మంచి వేదిక. 2022 ఏప్రిల్ 4న పూర్వపు జిల్లా రెండుగా విడిపోయి, అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలు ఏర్పడినవి. రెండింటి నేలా ఒకటే, ఆకాశమూ ఒకటే. పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉండడం వలన నైరుతి ఋతుపవనం ఇక్కడికి చేరేసరికి తన నీటిని చాలావరకు కోల్పోతుంది. ఈశాన్య ఋతుపవనం కోస్తాను తడిపి, ఇక్కడికి మిగులు తగులుగా వస్తుంది. సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఆ తరువాత నెలల తరబడి పడమటి గాలి దుమ్మును ఎగరగొడుతుంది. ఇటువంటి చోట బండికి నిత్యశత్రువులు ఎండ, దుమ్ము. కాని ప్రమాదం తెచ్చే శత్రువు మరొకటి ఉన్నది. అది వాన. వాన అరుదు గనుక దానికి బండీ సిద్ధంగా ఉండదు, డ్రైవరూ సిద్ధంగా ఉండడు.

కరువు వేసిన బాటలు

1800లో నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి అప్పగించినాడు. దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ పనిచేసినాడు. ఆ కాలంలో సరుకు రవాణా అంతా ఎద్దుల మీదనే జరిగేది. ధాన్యం, ఉప్పు, పత్తి మూటలను పెరికెల ఎద్దులు మోసేవి. బాట బాగున్న చోట బండ్లు నడిచేవి.

1876-78 మహాక్షామం ఈ రవాణాలోని బలహీనతను బయటపెట్టింది. గడ్డి లేక, నీరు లేక పశువులు చచ్చిపోయినవి. ఎద్దు చస్తే బండి ఆగిపోతుంది. బండి ఆగిపోతే ధాన్యం ఉన్న ఊరినుండి లేని ఊరికి చేరదు. మద్రాసు నుండి గుత్తి మీదుగా రాయచూరుకు పోయే రైలు మార్గం 1871 నాటికే పూర్తి అయి ఉన్నది. ధాన్యం రైలు స్టేషను వరకు వచ్చేది. అక్కడినుండి ఊళ్లకు చేరవేయడమే గడ్డుపని. క్షామనివారణ పనుల పేరిట ప్రభుత్వం కూలికి పెట్టిన పనులలో రోడ్లు వేయడం ముఖ్యమైనది. ఆకలితో ఉన్న జనం రాళ్లు కొట్టి, కంకర పరచి బాటలు వేసినారు. 1882లో బళ్ళారి నుండి విడదీసి అనంతపురం జిల్లాను ఏర్పరచేనాటికి ఈ సీమలో కరువు వేసిన బాటలు కొన్ని ఉన్నవి.

ఆ బాటల మీద నడిచిన ఎద్దుబండికి బ్రేకు ఏది? సమతలంలో దానికి బ్రేకు అవసరం లేదు. పగ్గం బిగిస్తే ఎద్దులు ఆగుతాయి, ఇరుసు రాపిడికి బండి ఆగుతుంది. పల్లంలో మాత్రం ఎద్దులే బ్రేకు. ఇరవై అడుగులు నడిస్తే ఒక అడుగు దిగే పల్లాన్ని తీసుకొందాము. బండి, బరువు కలిసి వెయ్యి కిలోలైతే, దానిలో ఇరవయ్యో వంతు, అనగా 50 కిలోల బరువుకు సమానమైన తోపు, కాడి ద్వారా ఎద్దుల మీద పడుతుంది. ఎద్దులు గిట్టలు తన్నిపట్టి దానిని నిలువరించవలె. నిలువరించలేకపోతే బండి ఎద్దుల మీదికి వస్తుంది. అందుకే బండివాడు పల్లం మొదట్లో బండి దిగి, ఎద్దుల ముందుకు పోయి కాడిని వెనుకకు తోసేవాడు. చక్రం పట్టాకు కట్టెను ఆనించి తాడుతో బిగించేవాడు. లేదా బండి వెనుక ఒక మొద్దును కట్టి ఈడ్పించేవాడు. ఈ మూడు ఉపాయాలలోనూ ఉన్న సూత్రం ఒక్కటే: ఘర్షణ.

ఘర్షణ సూత్రాలు

ఘర్షణను మొదట పరిశీలించినవారిలో ఇటలీ చిత్రకారుడు లియొనార్డో డావించి ఒకడు. ఆయన రాతలు చాలాకాలం వెలుగు చూడలేదు. 1699లో ఫ్రాన్సు దేశీయుడు అమాంటన్స్ ఆ సూత్రాలను తిరిగి కనుగొన్నాడు. 1785లో కూలుంబు వాటిని ప్రయోగాలతో స్థిరపరచినాడు. ఆ సూత్రాలు చదువుకోవడానికి సులభమైనవి. రెండు ఉపరితలాలను ఎంత గట్టిగా ఒత్తితే ఘర్షణ అంత ఎక్కువ. తాకిన వైశాల్యం పెద్దదైనా చిన్నదైనా ఘర్షణ దాదాపు ఒకటే. నిలిచి ఉన్న వస్తువును కదిలించడానికి కావలసిన బలం, జారుతున్న వస్తువును జారుతూ ఉంచడానికి కావలసిన బలం కంటె ఎక్కువ. ఈ మూడవ సూత్రమే ఆధునిక బ్రేకుకు మూలాధారం. దాని సంగతి ముందు వస్తుంది.

పాఠశాలలో దీనిని సులభంగా చూపవచ్చు. ఒక చెక్కదిమ్మె అడుగున పాత సైకిలు ట్యూబు ముక్క అంటించి, స్ప్రింగు త్రాసుతో సిమెంటు గచ్చు మీద లాగవలె. కదలబోయే క్షణంలో త్రాసు చూపిన అంకెను, కదిలిన తరువాత చూపిన అంకెను విద్యార్థులు రాసుకోవలె. తరువాత గచ్చు మీద సన్నని ఇసుక చల్లి ఒకసారి, నీటిలో కలిపిన బంకమట్టిని పలుచగా పూసి ఒకసారి అదే ప్రయోగం చేయవలె. ఇసుక రేణువులు చిన్న చిన్న గుండ్లవలె దొర్లి ఘర్షణను తగ్గిస్తాయి. బంకమట్టి ఇంకా తగ్గిస్తుంది. అనంతపురం రోడ్డు మీద జూన్ నెల దుమ్ము మొదటిదీ, తొలివాన బురద రెండవదీ అవుతాయి.

పాతచెప్పుల నుండి ద్రవపీడనం వరకు

కట్టెను చక్రానికి ఒత్తే పద్ధతి యూరపులోనూ చాలాకాలం నడిచింది. కట్టె త్వరగా అరుగుతుంది, రాచుకొని కాలుతుంది, తడిస్తే జారుతుంది. ఇంగ్లండులోని డెర్బీషైరు కొండసీమలో బండ్లవాళ్లు బ్రేకు కట్టెకు పాతబూట్ల తోలును బిగించి పల్లం దిగేవారనీ, దానిని చూసిన హెర్బర్టు ఫ్రూడ్ అనే ఆయనకు మంచి బ్రేకు లైనింగు తయారు చేయాలనే ఆలోచన పుట్టిందనీ చెబుతారు. 1897లో ఆయన ప్రారంభించిన పరిశ్రమ తరువాత ఫెరోడో అనే పేరుతో ప్రసిద్ధికెక్కింది. పేరులేని బండివాళ్ల పనివాడితనం మీద పెద్ద పరిశ్రమ నిలబడిన ఉదాహరణ ఇది.

తరువాత లైనింగులలో రాతినార, అనగా ఆస్బెస్టాసు, చేరింది. అది వేడికి కాలదు. అందుచేత దశాబ్దాల పాటు దానిని వాడినారు. దాని సన్నని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతక వ్యాధులు తెస్తుందని తేలిన తరువాత అనేక దేశాలు దానిని నిషేధించినవి. పాత బండి డ్రమ్మును విప్పి లోపలి దుమ్మును నోటితో ఊదడం ఎందుకు తగదో దీనివలన తెలుస్తుంది.

1902వ సంవత్సరం బ్రేకు చరిత్రలో ముఖ్యమైనది. ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ము బ్రేకును రూపొందించినాడు: చక్రంతోపాటు తిరిగే డ్రమ్ము లోపల రెండు వంపు బద్దలు విచ్చుకొని దాని గోడను ఒత్తుతాయి. అదే ఏడు ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టరు డిస్కు బ్రేకుకు పేటెంటు పొందినాడు: తిరిగే పళ్లెమును రెండు పక్కలనుండి పట్టకారు వలె పట్టడం దీని పద్ధతి. లాంచెస్టరు రాగి ప్యాడులు వాడినాడు. అవి భరించరాని కీచుధ్వని చేసేవి. ఆయన ఊహ ఫలించడానికి అర్ధశతాబ్దం పట్టింది.

తరువాతి చిక్కు, పాదం ఒత్తిడిని నాలుగు చక్రాలకు సమానంగా పంచడం. కడ్డీలు, తీగలు వాడితే ఒకటి వదులై మరొకటి బిగుతై బండి పక్కకు లాగేది. దీనికి పరిష్కారం పదిహేడవ శతాబ్దంలోనే ఉన్నది. మూసిన పాత్రలోని ద్రవం మీద ఒకచోట కలిగించిన పీడనం అన్ని దిక్కులకు సమానంగా ప్రసరిస్తుందని పాస్కల్ చెప్పినాడు. దీనిని బ్రేకుకు అన్వయించి అమెరికాలో మాల్కం లాహీడ్ 1917లో పేటెంటు పొందినాడు. 1921లో వచ్చిన డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకు ద్రవపీడన బ్రేకులతో అమ్మకానికి వచ్చింది. ఫోర్డు సంస్థ మాత్రం 1939 వరకు కడ్డీలను విడువలేదు. పెడలును కాలితో నొక్కితే మాస్టరు సిలిండరులోని ద్రవం సన్నని గొట్టాల గుండా పోయి, నాలుగు చక్రాలవద్ద పిస్టనులను నెడుతుంది. పాఠ్యపుస్తకంలోని సూత్రం ప్రతి కారులోనూ డ్రైవరు పాదం కింద పనిచేస్తున్నది.

వేడి ఎక్కడికి పోతుంది?

బ్రేకు బండి వేగాన్ని మాయం చేయదు. శక్తి నశించదు గనుక బండి గతిజశక్తి అంతా వేడిగా మారుతుంది. ఆ వేడిని భరించడం, గాలిలోకి విడిచిపెట్టడం బ్రేకు చేసే అసలైన పని.

వెయ్యి కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దాని గతిజశక్తి సుమారు 139 కిలోజౌళ్లు. గంటకు 80 కిలోమీటర్లయితే 247 కిలోజౌళ్లు. వేగం మూడో వంతు పెరిగింది. శక్తి ముప్పాతిక వంతుకు పైగా పెరిగింది. శక్తి వేగవర్గాన్ని బట్టి పెరగడమే దీనికి కారణం. నాలుగు బ్రేకులలోని ఇనుము మొత్తం 20 కిలోలనుకొంటే, 80 కిలోమీటర్ల వేగం నుండి ఒక్కసారి ఆగినప్పుడు దాని ఉష్ణోగ్రత సుమారు 27 డిగ్రీలు పెరుగుతుంది. చల్లారే వ్యవధి ఇవ్వకుండా పదిసార్లు ఆపితే 270 డిగ్రీలు.

కొండదారిలో లెక్క ఇంకా కఠినం. పది టన్నుల లారీ వంద మీటర్ల ఎత్తు దిగితే 98 లక్షల జౌళ్ల శక్తి విడుదల అవుతుంది. 33 లీటర్ల నీటిని 30 డిగ్రీల నుండి మరిగే స్థితికి తేవడానికి ఇది చాలు. ఈ భారమంతా బ్రేకుల మీద వేసిన డ్రైవరు నాలుగు పొయ్యిలు వెలిగించుకొని కొండ దిగుతున్నాడన్నమాట.

వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి బద్దలకు దూరమవుతుంది. పెడలు లోతుగా దిగుతుంది. లైనింగు పట్టు సడలుతుంది. డిస్కు వ్యాకోచించినా ప్యాడుల వైపుకే వస్తుంది. పైగా అది గాలికి బయటనే ఉండడం వలన త్వరగా చల్లారుతుంది. 1953లో ఫ్రాన్సులోని లెమాన్ పందెంలో డన్‌లప్ డిస్కు బ్రేకులు గల జాగ్వారు కారు గెలిచిన తరువాత డిస్కుకు ఎదురు లేకపోయింది. 1955లో సిట్రొయెన్ సంస్థ తన డి.ఎస్. కారు ముందు చక్రాలకు డిస్కులు అమర్చి పెద్ద ఎత్తున తయారు చేసింది.

గుత్తి, గుంతకల్లు జంక్షన్ల మీదుగా సాగే రైళ్ల చరిత్రలోనూ ఒక గొప్ప పాఠం ఉన్నది. అమెరికాలో జార్జి వెస్టింగ్‌హౌస్ 1869లో గాలి బ్రేకుకు పేటెంటు పొందినాడు. కొద్ది సంవత్సరాలలోనే దానిని తలకిందులు చేసినాడు. మొదట గాలిని పంపితే బ్రేకు పడేది. కొత్త పద్ధతిలో గొట్టంలోని గాలి పోతే బ్రేకు పడుతుంది. గొట్టం తెగినా, పెట్టెలు విడిపోయినా రైలు తనంతట తాను ఆగుతుంది. పరికరం చెడినప్పుడు ప్రమాదం వైపు కాక క్షేమం వైపు చెడేటట్లు నిర్మించడం ఇంజనీరింగు నీతిశాస్త్రంలో మొదటి సూత్రం. నేటి బస్సులకు, లారీలకు అమర్చే నిలుపు బ్రేకులోనూ ఇదే ఉన్నది: గాలి పీడనం ఉన్నంతసేపు స్ప్రింగు అణగి ఉంటుంది, గాలి పోతే స్ప్రింగు విచ్చుకొని చక్రాన్ని పట్టుకుంటుంది.

చట్టం, కారు, కంప్యూటరు

భారతదేశంలో మోటారు బండ్లకు దేశవ్యాప్త చట్టం మొదట 1914లో వచ్చింది. 1939లో, తిరిగి 1988లో కొత్త చట్టాలు దాని స్థానాన్ని ఆక్రమించినవి. స్వాతంత్ర్యానంతరం చాలాకాలం ఇక్కడి రోడ్ల మీద అంబాసడరు, ఫియట్ కార్లు ఏలినవి. తొలినాటి అంబాసడరుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. 1962లో మద్రాసు పాడిలో బ్రేక్స్ ఇండియా సంస్థ ఏర్పడి, ఈ పరికరాలు దక్షిణదేశంలోనే తయారు కావడం ఆరంభమైంది.

తరువాతి మలుపు చక్రం బిగుసుకుపోవడాన్ని నివారించే ఏర్పాటు. దీనినే ఏ.బి.ఎస్. అంటారు. ముందు చెప్పిన మూడవ సూత్రం ఇక్కడ అవసరమవుతుంది. దొర్లుతున్న చక్రం రోడ్డును తాకే చోటు ఆ క్షణంలో రోడ్డు మీద నిలిచి ఉన్నట్లే లెక్క. అందుచేత దానికి ఎక్కువ పట్టు ఉంటుంది. బ్రేకు అతిగా నొక్కితే చక్రం తిరగడం మాని జారుతుంది, పట్టు తగ్గుతుంది, స్టీరింగు తిప్పినా బండి తిరగదు. చక్రం బిగుసుకోబోయే క్షణాన్ని పసిగట్టి, సెకనుకు అనేకసార్లు పీడనాన్ని సడలించి తిరిగి పట్టే పరికరం మొదట విమానాలకు వచ్చింది. 1978లో బాష్ సంస్థ రూపొందించిన ఎలక్ట్రానిక్ ఏర్పాటు మెర్సిడెస్ కార్లలో చేరింది. భారతదేశంలో 2019 ఏప్రిల్ నుండి కొత్తకార్లన్నిటికీ, 125 సి.సి. దాటిన ద్విచక్ర వాహనాలకూ ఇది తప్పనిసరి అయింది.

ఆ 2019వ సంవత్సరంలోనే అనంతపురం చరిత్రలో మరొక విశేషం జరిగింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచి వద్ద కొరియా దేశపు కియా సంస్థ నిర్మించిన కర్మాగారంలో జనవరి 29న ప్రయోగాత్మక ఉత్పత్తి మొదలయింది. డిసెంబరు 5న అది లాంఛనంగా ప్రారంభమయింది. ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యం గల ఆ కర్మాగారం, ఒకప్పుడు ఎద్దులు చచ్చి బండ్లు ఆగిపోయిన సీమలోనే ఉన్నది.

నాలుగు కాలాల జాగ్రత్త

యంత్రం ఎంత కొత్తదైనా ఎండ, దుమ్ము, వాన పాతవే. ఈ సీమలో ఏడాదిని నాలుగు కాలాలుగా విభజించి బండిని చూసుకొనడం మంచిది.

మార్చి నుండి మే వరకు వేసవి. ఉదయం 25 డిగ్రీల వద్ద 32 పౌండ్ల గాలి పట్టిన టైరు లోపల 45 డిగ్రీలకు వేడెక్కితే పీడనం సుమారు 35 పౌండ్లకు పెరుగుతుంది. అది చూసి గాలి తీసివేయడం పొరపాటు. గాలి తక్కువైన టైరు ఎక్కువగా వంగుతుంది, వంగినకొద్దీ వేడెక్కుతుంది, చివరకు పగులుతుంది. గాలిని తెల్లవారుజామున, చల్లని టైరులో చూడవలె. రేడియేటరులో బోరునీరు పోయరాదు. ఇక్కడి భూగర్భజలం కఠినజలం. మరిగినకొద్దీ సున్నపు పొరను సన్నని గొట్టాలలో పేర్చుతుంది. వేడిగా ఉన్న రేడియేటరు మూత విప్పడం మరీ ప్రమాదం.

జూన్ నుండి ఆగస్టు వరకు ముంగారు మబ్బులు, పడమటి గాలులు. రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పే గాలే దుమ్మును బండి లోపలికి తోస్తుంది. గాలి వడపోతను తరచుగా శుభ్రం చేయవలె. డ్రమ్ములలో చేరిన దుమ్ము లైనింగును సానరాయి వలె అరగదీస్తుంది. కీచుమనే ధ్వని దాని హెచ్చరిక.

సెప్టెంబరు, అక్టోబరులు ఇక్కడ వానకాలం. ఎనిమిది నెలలు కదలని వైపరు రబ్బరు ఎండకు బీటలు వారి ఉంటుంది. అవసరమైన రోజున అద్దాన్ని తుడవదు. అందుచేత వైపరును వాన వచ్చాక కాదు, ఆగస్టులోనే చూసుకోవలె. టైరు గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకముందే మార్చవలె. ఆ గాళ్లే నీటిని పక్కకు తోసి రబ్బరును రోడ్డుకు తాకిస్తాయి. తొలివాన మొదటి అరగంట మిక్కిలి అపాయకరం. నెలల తరబడి రోడ్డు మీద చేరిన నూనె, రబ్బరు పొడి, మట్టి తడిసి పలుచని జిగురుపొరగా మారతాయి. గట్టివాన కురిస్తే ఆ పొర కొట్టుకుపోతుంది. తుంపరకు మాత్రం అది అక్కడే ఉంటుంది. తుంపరను తేలికగా చూడడం అనుభవం లేనివారి లక్షణం.

వాన వెలిసిన తరువాత కోతల కాలం. రైతులు కొర్రలు, కందులు, ఉలవలు రోడ్డు మీద పరచి బండ్ల చక్రాల కింద నూర్చుకొనడం ఈ ప్రాంతంలో కనిపించే దృశ్యం. గుండ్రని గింజల మీద బ్రేకు వేయడం గుండ్ల మీద నిలబడడం వంటిది. కళ్లం కనిపించిన దూరంలోనే వేగం తగ్గించుకొని, దాని మీద బ్రేకు తాకకుండా నెమ్మదిగా దాటిపోవలె.

ఏ కాలంలోనైనా మరువరానిది బ్రేకు ద్రవం. అది గాలిలోని తేమను పీల్చుకునే స్వభావం కలది. డాట్ 4 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగదు; తేమ పీల్చిన తరువాత ఆ హద్దు 155 డిగ్రీలకు దిగవచ్చు. ద్రవం మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ద్రవం అణగదు గాని ఆవిరి అణుగుతుంది. పెడలు నేలకు తాకినా చక్రానికి ఒత్తిడి చేరదు. తాగునీటికి కరువైన సీమలో కూడా బ్రేకు ద్రవం నీరు తాగుతూనే ఉంటుంది. అందుకే కంపెనీ చెప్పిన గడువులో దానిని మార్చితీరవలె.

పాదానికి నేర్పవలసిన అలవాట్లు

ప్రమాదాన్ని కన్ను చూసి, పాదం పెడలును చేరడానికి సుమారు ఒక సెకను పడుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో ఆ సెకనులోనే బండి 17 మీటర్లు పోతుంది. తరువాత పొడిరోడ్డు మీద, ఘర్షణ గుణకం 0.7 అనుకొంటే, ఆగడానికి 20 మీటర్లు, మొత్తం 37. తడిరోడ్డు మీద గుణకం 0.4కు తగ్గితే మొత్తం 52 మీటర్లు. 80 కిలోమీటర్ల వేగంలో పొడిరోడ్డు మీద 58, తడిరోడ్డు మీద 85 మీటర్లు. ఈ లెక్కలో బండి బరువు రానేరాదని విద్యార్థులు గమనించవలె. బరువు పెరిగితే గతిజశక్తీ పెరుగుతుంది, ఘర్షణా పెరుగుతుంది. కాని బ్రేకులు మింగవలసిన వేడి మాత్రం బరువుతోపాటు పెరుగుతుంది. ఎక్కువ మందిని ఎక్కించుకున్న ఆటోకూ జీపుకూ అపాయం అక్కడ ఉన్నది.

దీనినిబట్టి అలవాట్లు వాటంతట అవే తేలుతాయి. ముందుపోయే బండికి వెనుక కనీసం రెండు సెకన్ల దూరం ఉంచవలె; తడిలో దానిని రెట్టింపు చేయవలె. మలుపులో కాక మలుపుకు ముందే వేగం తగ్గించవలె; తిరగడానికీ ఆగడానికీ టైరుకు ఉన్న పట్టు ఒక్కటే. పల్లం దిగేటప్పుడు ఎక్కడానికి వాడే గేరులోనే దిగవలె. అప్పుడు ఇంజనే వేగాన్ని పట్టి ఉంచుతుంది. నూనె ఆదా అవుతుందని గేరు తీసివేసి బండిని జారవిడవడం, ఎద్దులను విప్పి బండిని కొండమీదినుండి వదలడంతో సమానం. ఏ.బి.ఎస్. ఉన్న బండిలో అత్యవసరమైనప్పుడు పెడలును గట్టిగా నొక్కి అలాగే పట్టి ఉంచవలె. పాదం కింద కలిగే అదురు పరికరం పని చేస్తున్న గుర్తేగాని లోపం కాదు. అది లేని పాత బండిలో చక్రం బిగుసుకోకుండా నొక్కుతూ సడలిస్తూ ఆపవలె. నీటిలోనుండి వచ్చిన తరువాత కొంతదూరం పెడలును తేలికగా ఆనించి నడిపితే, ఆ రాపిడి వేడికి లైనింగులు ఆరిపోతాయి.

ఇవి పరీక్షకు రాసే జవాబులు మాత్రమే కావు. 2015 జనవరి 7న మడకశిర నుండి పెనుకొండకు వస్తున్న బస్సు లోతులో పడి పదిమందికి పైగా మరణించినారు. వారిలో పలువురు విద్యార్థులు, బడికీ కళాశాలకూ బయలుదేరినవారు. రోడ్డు, మలుపు, వేగం, బరువు అన్నీ కలిసి ఒక ప్రయాణం క్షేమాన్ని నిర్ణయిస్తాయి. బస్సులో కూర్చున్న విద్యార్థి చేతిలో వీటిలో ఏదీ లేదు. ఆ బాధ్యత రోడ్డు వేసేవారిది, బండిని పరీక్షించేవారిది, నడిపేవారిది.

బండ్లు ఓడలైన రోజు

2021 నవంబరు 19న చిత్రావతి నదిలో ఒక్కసారిగా నీరు పెరిగింది. ఏడాదిలో ఎక్కువకాలం ఇసుకతిన్నెగా కనిపించే నది అది. చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర ఒక కారు ప్రవాహంలో చిక్కుకున్నది. అందులోనివారిని కాపాడబోయిన జె.సి.బి. యంత్రం కూడా నీటి మధ్య నిలిచిపోయింది. చివరకు వైమానికదళపు హెలికాప్టరు వచ్చి 10 మందిని పైకి తీసి రక్షించింది.

ఓడలు బండ్లు, బండ్లు ఓడలు అవుతాయని తెలుగువారి సామెత. దానికి భౌతికశాస్త్ర వివరణ ఆర్కిమిడీస్ సూత్రంలో ఉన్నది. నీరు అడుగు ఎత్తు చేరితే చిన్నకారు టైర్ల మీది భారం తగ్గుతూ వస్తుంది. రెండడుగులకు చాలా కార్లు తేలి కొట్టుకుపోతాయి. టైరు మీద భారం లేనప్పుడు ఘర్షణ లేదు. ఘర్షణ లేనప్పుడు డిస్కు బ్రేకు ఉన్నా, కంప్యూటరు ఉన్నా ఫలితం సున్నయే. అమాంటన్స్ చెప్పిన మొదటి సూత్రాన్ని ఏ కర్మాగారమూ మార్చలేదు. వంక పొంగినప్పుడు గట్టున బండిని నిలిపివేయడమే అప్పటికి మిగిలిన బ్రేకు.

పల్లం మొదట్లోనే బండి దిగి కాడి పట్టుకున్న ఆనాటి బండివాడు కూలుంబును చదువలేదు. పల్లం మధ్యలో ఆపలేనన్న సంగతి మాత్రం అతనికి తెలుసు. నూటయాభై ఏండ్లలో చక్రం మారింది, బాట మారింది, ఎద్దులకు బదులు ఇంజను వచ్చింది. ప్రమాదం రాకముందే వేగాన్ని తగ్గించుకొనే ఆ వివేకం నేటి డ్రైవరుకు అంతకంటె ఎక్కువ అవసరం. ఎందుకంటే అతని బండి ఎద్దుబండి కంటె ఇరవై రెట్లు వేగంగా పోతుంది.